ఊపిరి దారి: కొన్ని జ్ఞాపకాలు, కొన్ని జాగ్రత్తలు

భోజనం చేస్తున్నప్పుడు ఎవరికైనా పొలమారితే మన ఇళ్ళలో పెద్దలు వెంటనే మాడు మీద అరచేతితో తట్టి, "ఎవరో తలచుకుంటున్నారు" అంటారు. తలచుకునేవారి సంగతి నాకు తెలియదు గాని, పొలమారడమనే ఆ చిన్న సంఘటనలో మానవ శరీర నిర్మాణంలోని ఒక పెద్ద చిక్కు దాగి ఉన్నది. ముక్కు నుండి వచ్చే గాలి దారి, నోటి నుండి వచ్చే ఆహారపు దారి గొంతులో ఒకదానినొకటి దాటుకొని వెళతాయి. గాలి ముందువైపున ఉన్న స్వరపేటికలోనికి, ఆహారం వెనుకవైపున ఉన్న అన్నవాహికలోనికి పోవాలి. రైలు పట్టాలు రోడ్డును దాటేచోట గేటు ఉన్నట్లే ఇక్కడ కూడా ఒక మూత ఉన్నది. దానిని ఉపజిహ్విక అంటారు. మనం మింగిన ప్రతిసారీ స్వరపేటిక పైకి లేస్తుంది, ఉపజిహ్విక వంగుతుంది, స్వరతంత్రులు దగ్గరకు వచ్చి మూసుకుంటాయి, ఊపిరి క్షణకాలం ఆగుతుంది. ముద్ద దాటగానే దారి మళ్ళీ తెరచుకుంటుంది. మాట్లాడుతూనో, నవ్వుతూనో మింగితే ఈ క్రమం తప్పుతుంది. అప్పుడు వచ్చే దగ్గు ఆ గేటు కాపలాదారు వేసే కేక వంటిది. ఆ కేక వినిపిస్తున్నంతవరకు భయం లేదు.

నేను ప్రభుత్వ వైద్య శాఖలో మూడు దశాబ్దాలకు పైగా మత్తు వైద్యునిగా పనిచేశాను. మత్తు వైద్యుడంటే సూది వేసి నిద్రపుచ్చేవాడని చాలామంది అభిప్రాయం. నిద్రపుచ్చడానికి అర నిమిషం చాలు. నిద్రపోయినవారి ఊపిరి దారిని, వారు తిరిగి లేచి సొంతంగా దగ్గేవరకు కాపాడడం మా అసలు ఉద్యోగం. పదవీ విరమణ చేసిన తరువాత, అత్యవసర వైద్య సేవలలో చేరబోయే విద్యార్థులకు ఊపిరి దారిని గురించి పాఠాలు చెప్పమని ఒక కళాశాలవారు అడిగారు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 వాహనాలు మొదలైన తరువాత మన ప్రాంతాలలో ఇటువంటి చదువులకు గిరాకీ పెరిగింది. అది మంచి మార్పే. మా కాలంలో అంబులెన్సు అంటే ఒక డ్రైవరు, ఒక స్ట్రెచరు, అంతే.

మొదటి రోజు నేను ఆ పిల్లలను ఒకే ప్రశ్న అడుగుతాను. రోడ్డు పక్కన ఒక మనిషి స్పృహ లేకుండా వెల్లకిలా పడి ఉన్నాడు. మీ సంచి ఇంకా బండిలోనే ఉన్నది. మీ చేతులలో ఏమీ లేదు. ఏమి చేస్తారు? నాడి చూస్తామని ఒకరు, రక్తపోటు చూస్తామని ఒకరు, షుగరు చూస్తామని ఒకరు చెబుతారు. ఎక్కువ పుస్తకాలు చదివిన విద్యార్థి గొట్టం వేస్తానంటాడు. అతని గడ్డం పట్టుకొని పైకెత్తుతానని చెప్పేవారు అరుదు. ఆ సమాధానం వచ్చేవరకు నేను పాఠం మొదలుపెట్టను.

గడ్డం ఎందుకు ఎత్తాలో చెబుతాను. అద్దంలో మనకు కనిపించేది నాలుక ముందు భాగం మాత్రమే. దాని వేరు గొంతులోనికి దిగి ఉంటుంది, ముందువైపున కింది దవడ ఎముక లోపలి భాగానికి అంటుకొని ఉంటుంది. మెలకువగా ఉన్నంతకాలం కండరాలు దానిని ముందుకు లాగి పట్టి ఉంచుతాయి. స్పృహ తప్పగానే ఆ పట్టు వదులవుతుంది. వెల్లకిలా పడుకున్న మనిషిలో నాలుక వేరు, మెత్తటి అంగిలి, ఉపజిహ్విక అన్నీ వెనక్కు జారి గొంతు వెనుక గోడకు ఆనుకుంటాయి. సగం మూసుకుంటే గురక వస్తుంది. పూర్తిగా మూసుకుంటే శబ్దమే ఉండదు. ఛాతీ, పొట్ట ఎగిరెగిరి పడుతుంటాయి గాని గాలి లోపలికి పోదు. స్పృహ లేని మనిషి గురక పెడుతుంటే "హాయిగా నిద్రపోతున్నాడు, లేపకండి" అనే బంధువులను నేను ఎందరినో చూశాను. నిద్రలో గురక వేరు, పిలిచినా గిల్లినా పలకని మనిషి గురక వేరు. రెండవది సాయం కోసం చేసే శబ్దం.

జిల్లా ఆసుపత్రిలో పనిచేస్తున్న రోజులలో ఒక సాయంత్రం ఇరవై రెండేళ్ళ యువకుణ్ణి ఆటోలో తీసుకువచ్చారు. ఊరి బయట స్కూటరు మీద నుండి పడి స్పృహ తప్పాడట. అక్కడి మిత్రులిద్దరు అతణ్ణి ఆటో వెనుక సీటులో మధ్యన కూర్చోబెట్టి, చెరొక వైపు పట్టుకొని, పద్నాలుగు కిలోమీటర్లు వచ్చారు. తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనుకొని ఉన్నది. దారిలో ఒక బడ్డీ దగ్గర ఆపి, తేరుకుంటాడేమోనని సోడా పట్టించారు. మా దగ్గరకు వచ్చేసరికి పెదవులు నల్లబడి, ప్రాణం పోయి ఉన్నది. పోస్టుమార్టం చేసిన సహోద్యోగి మరునాడు చెప్పాడు: పుర్రె పగలలేదు, మెదడులో రక్తం గడ్డకట్టలేదు, శ్వాసనాళం నిండా వాంతి, సోడా నీళ్ళు ఉన్నాయి. దెబ్బకు స్పృహ తప్పాడే గాని దెబ్బకు చనిపోలేదు. వరండాలో నిలుచున్న ఆ మిత్రులలో ఒకడు, "సోడా రెండు గుటకలు మింగాడు కూడా సార్, బతుకుతాడనుకున్నాం" అన్నాడు. ఆ మాటకు నేను జవాబు చెప్పలేదు. వారు చేసినదంతా ప్రేమతో చేశారు. ఎవరూ వారికి చెప్పలేదు, అంతే.

కాబట్టి చెప్పవలసినది చెబుతాను. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు, సోడా, పాలు, కాఫీ, మాత్ర ఏదీ వేయకూడదు. మూర్ఛ వచ్చిన మనిషి పళ్ళ మధ్య చెంచా దూర్చకూడదు. చేతిలో తాళాల గుత్తి పెట్టడం వలన అపకారం లేదు గాని ఉపకారమూ లేదు. తల కింద దిండు పెట్టకూడదు, ఎందుకంటే దిండు మెడను ముందుకు వంచి ఉన్న దారిని మూస్తుంది. ఒక చేతిని నుదుటి మీద ఉంచి తలను మెల్లగా వెనక్కు వంచి, రెండవ చేతి రెండు వేళ్ళతో గడ్డపు ఎముకను పైకెత్తాలి. గడ్డం కింది మెత్తటి భాగాన్ని నొక్కకూడదు. ఎత్తైన చోటి నుండి పడినవారికి, రోడ్డు ప్రమాదంలో దెబ్బ తిన్నవారికి మెడ ఎముక విరిగి ఉండవచ్చు కనుక, శిక్షణ పొందినవారు తలను కదిలించకుండా చెవుల కింద దవడ మూలలను వేళ్ళతో పట్టి దవడను మాత్రమే ముందుకు నెడతారు. అయితే మెడకు భయపడి ఊపిరి దారిని మూసి ఉంచకూడదు. దవడను నెట్టినా గాలి ఆడకపోతే తల వంచక తప్పదు.

తరువాత మీ చెంపను అతని నోటి దగ్గర ఉంచి, కళ్ళతో ఛాతీని చూస్తూ, పది సెకన్లు మించకుండా గమనించాలి. శ్వాస సక్రమంగా ఉంటే, మెడ దెబ్బ అనుమానం లేకపోతే, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అప్పుడు నాలుక ముందుకు వాలుతుంది, వాంతి అయినా బయటకు పోతుంది. శ్వాస లేకపోతే 108కు ఫోను చేసి, స్పీకరు మీద పెట్టి, ఛాతీ మధ్యన రెండు చేతులతో నొక్కడం మొదలుపెట్టాలి. మన భాషలో ఎగశ్వాస అనే మాట ఉన్నది. నిమిషానికి రెండు మూడు సార్లు చేప నోరు తెరచినట్లు తెరచి ఎగపీల్చడాన్ని శ్వాసగా లెక్క వేయకూడదు. అది గుండె ఆగిన తరువాత మెదడు కింది భాగం చేసే చివరి ప్రయత్నం. "ఇంకా ఊపిరి ఉందండీ" అని కూర్చున్నవారి వలన ఎన్ని ప్రాణాలు పోయాయో లెక్క చెప్పలేము.

ఇంత తొందర ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఒక చిన్న లెక్క చెబుతాను. మామూలుగా ఊపిరి వదిలిన తరువాత పెద్దవారి ఊపిరితిత్తులలో సుమారు రెండున్నర లీటర్ల గాలి మిగిలి ఉంటుంది. గాలిలో ప్రాణవాయువు అయిదవ వంతు గనుక, నిలువ ఉన్నది అర లీటరు. విశ్రాంతిగా ఉన్న శరీరం నిమిషానికి పావు లీటరు ఖర్చు చేస్తుంది. అంటే ఊపిరి ఆగితే ఊపిరితిత్తులలోని నిలువ రెండు నిమిషాల కూలికి సరిపోతుంది. రక్తంలో మరికొంత ఉంటుంది గాని అందులో అధిక భాగం వాడుకునే స్థితిలో ఉండదు. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు కణాలు దెబ్బతినడం మొదలవుతుంది. ఆపరేషనుకు ముందు మేము రోగి ముఖానికి మాస్కు పెట్టి మూడు నిమిషాలు స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పించేది ఇందుకే. అప్పుడు ఆ రెండున్నర లీటర్లూ దాదాపు ప్రాణవాయువుతోనే నిండి, ఆరోగ్యవంతునికి ఎనిమిది నిమిషాల వరకు వ్యవధి ఇస్తుంది. స్థూలకాయులకు, గర్భిణులకు, పసిపిల్లలకు ఆ వ్యవధి బాగా తక్కువ. "మాస్కు పెట్టి ఊపిరాడనివ్వలేదు డాక్టరుగారూ" అని ఆపరేషను తరువాత నాతో దెబ్బలాడినవారున్నారు. ఆ మూడు నిమిషాలు వారి ఖాతాలో జమ చేసిన డబ్బు అని చెప్పి నవ్వేవాణ్ణి.

ఇక నేను ఎక్కువగా చెప్పదలచినది అంబు సంచిని గురించి. సొరకాయ ఆకారంలో ఉండే రబ్బరు సంచి అది. నొక్కితే గాలి రోగిలోనికి పోతుంది, వదిలితే తనంతట తానే ఉబ్బి బయటి గాలిని నింపుకుంటుంది. దీని వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1952లో డెన్మార్కు దేశపు కోపెన్‌హాగెన్ నగరంలో పోలియో విజృంభించి వందలాది మందికి శ్వాస కండరాలు చచ్చుబడ్డాయి. ఉన్న ఉక్కు ఊపిరి యంత్రాలు చేతి వేళ్ళతో లెక్కపెట్టదగినన్ని. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడు, ఆపరేషన్ థియేటరులో తాము రోజూ చేసే పనినే వార్డులోనూ చేయవచ్చునని సూచించాడు. గొంతుకు రంధ్రం చేసి గొట్టం అమర్చి, చేతితో సంచి నొక్కి ఊపిరి పోయడం ఆ పద్ధతి. నొక్కేదెవరు? సుమారు 1500 మంది వైద్య, దంతవైద్య విద్యార్థులు వంతులు వేసుకొని, నెలల తరబడి, రాత్రింబగళ్ళు నొక్కారు. అంతకు ముందు అటువంటి రోగులలో పదిమందిలో ఎనిమిది మందికి పైగా చనిపోయేవారు. ఆ తరువాత మరణాలు సగానికి తగ్గాయి. నేటి ఇంటెన్సివ్ కేర్ విభాగాలకు అక్కడే పునాది పడింది. ఆ దేశంలోనే 1956లో హోల్గర్ హెస్సే, హెన్నింగ్ రూబెన్ అనేవారు తనంతట తానే నిండే సంచిని తయారుచేశారు. దానికి సిలిండరు అక్కరలేదు, కరెంటు అక్కరలేదు. మన తాలూకా ఆసుపత్రులకు ఇంతకన్నా వరం ఏమి కావాలి?

1980ల తొలి సంవత్సరాలలో నేను అటువంటి తాలూకా ఆసుపత్రిలోనే ఉన్నాను. డిసెంబరు నెల, కుప్పనూర్పిళ్ళ రోజులు. కళ్ళంలో ధాన్యానికి కాపలాగా నేల మీద పడుకున్న ముప్పై ఏళ్ళ రైతు తెల్లవారుజామున కడుపునొప్పితో లేచాడు. కొంతసేపటికి రెప్పలు వాలిపోయాయి, మాట ముక్కుతో వచ్చింది, ఉమ్ము మింగలేకపోయాడు. ఒంటి మీద ఎక్కడా గాటు కనిపించలేదు. కట్లపాము పని అలాగే ఉంటుంది. రాత్రివేళ, నేల మీద నిద్రిస్తున్నవారిని, నొప్పి తెలియకుండా కాటు వేస్తుంది. ట్రాక్టరు తొట్టిలో వేసుకొని వచ్చేసరికి ఛాతీ కదలిక ఆగిపోతున్నది. గుండె మాత్రం కొట్టుకుంటున్నది. నోటి గుండా శ్వాసనాళంలోనికి గొట్టం వేసి, విష విరుగుడు మందు ఎక్కించి, మాకున్న ఒకే ఒక్క అంబు సంచిని తగిలించాను. వెంటిలేటరు అనే మాట ఆ రోజులలో పుస్తకాలలో చదివినదే గాని మా జిల్లాలో చూసినది కాదు.

అరగంట గడిచేసరికి అతని శరీరంలో ఒక్క కండరమూ కదలడం లేదు. రెప్ప ఎత్తి టార్చి వేస్తే కనుపాప పెద్దదై నిలిచిపోయి ఉన్నది, వెలుగుకు చలించలేదు. ఇది చనిపోయినవారి లక్షణమని మొదటి సంవత్సరం విద్యార్థికైనా తెలుసు. అయితే కట్లపాము విషం కంటి కండరాలను కూడా పడవేస్తుందనీ, అటువంటి రోగి కళ్ళను నమ్మవద్దనీ, గుండెను నమ్మమనీ మా గురువుగారు చదువుకునే రోజులలోనే చెప్పి ఉన్నారు. ఆ మాట ఆ రోజు నాకు ఆధారమైంది. బంధువులు అప్పటికే ఏడుపు మొదలుపెట్టారు. ఎవరో చెంబుతో తులసి తీర్థం తెచ్చారు. శవాన్ని తీసుకుపోవడానికి బండి మాట్లాడుతున్నారు. నేను వారిని ఆపి, మందు విషాన్ని కొత్తగా నరాలకు పట్టకుండా ఆపుతుందే గాని పట్టిన విషాన్ని వదిలించలేదనీ, నరాల చివరలు తిరిగి మొలవడానికి కొన్ని రోజులు పడుతుందనీ, అంతవరకు ఈ సంచిని ఎవరైనా నొక్కుతూ ఉండాలనీ, నొక్కడం ఆపితే మాత్రం నిజంగానే చనిపోతాడనీ చెప్పాను. ఎన్ని రోజులంటే చెప్పలేనన్నాను.

అప్పుడు రోగి మేనమామ ముందుకు వచ్చాడు. అరవై దాటిన మనిషి, పగిలిన పాదాలు. "ఏం లెక్కన నొక్కాల బాబూ?" అని ఒక్క మాట అడిగాడు. అయిదు సెకన్లకొకసారి, ఛాతీ కొద్దిగా లేచేటంత, అంతకు మించి కాదు అని చేసి చూపించాను. అతడు రెండు నిమిషాలు చూసి, "ఏతం లెక్కే" అన్నాడు. వయసులో ఉన్నప్పుడు ఏతం తొక్కి పొలాలు తడిపిన మనిషి. గడియారం చూడకుండానే, పెదవులలో ఏదో గొణుక్కుంటూ, లయ తప్పకుండా నొక్కడం మొదలుపెట్టాడు. ఆ తరువాత నేను చేతి గడియారంతో ఎన్నిసార్లు సరిచూసినా నిమిషానికి పన్నెండుకు అటూ ఇటూ ఒకటి మించి తేడా రాలేదు. అతడు మిగిలినవారికి నేర్పాడు. తమ్ముడు, బావమరిది, పక్క పొలం రైతు, చివరకు రోగి భార్య కూడా వంతులు వేసుకున్నారు. మా సిస్టరు గంటకొకసారి గొట్టంలో చేరిన కఫాన్ని తీసేది, కళ్ళు ఎండిపోకుండా తడి గుడ్డ వేసేది. నేను వారందరికీ ఒక్క నియమం పెట్టాను. అతని దగ్గర చావు మాట ఎత్తకూడదు, మెలకువగా ఉన్న మనిషితో మాట్లాడినట్లే మాట్లాడాలి.

మూడవ రోజు రాత్రి భార్య నొక్కుతుండగా అతని కాలి బొటనవేలు కదిలింది. అయిదవ రోజు గొట్టం తీసివేశాను. ఎనిమిదవ రోజు మజ్జిగ తాగుతూ, మొదటి రోజు వినిపించిన మాటలన్నీ వరుసగా చెప్పాడు. బండి కిరాయి ఎంత అడిగారో కూడా చెప్పాడు. బేరమాడిన బంధువు ఆ పక్కనే ఉన్నాడు, పాపం తలెత్తలేదు. తులసి తీర్థం మాట విన్నప్పుడు, నోట్లో పోస్తే మింగలేనని అరవాలనిపించిందనీ, వేలు కూడా కదల్చలేకపోయాననీ అన్నాడు. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ తరగతి గది నిశ్శబ్దమైపోతుంది. చెప్పకుండా ఏ సంవత్సరమూ పాఠం ముగించలేదు.

గొట్టం వేయడమంటే ఈ కాలపు విద్యార్థులకు మోజు ఎక్కువ. వెలుగునిచ్చే వంకర కత్తి వంటి పరికరంతో నాలుకను పక్కకు తొలగించి, స్వరతంత్రుల మధ్య నుండి గొట్టాన్ని పంపడం చూడడానికి గొప్పగానే ఉంటుంది. కానీ రోగి చనిపోయేది గొట్టం లేక కాదు, ప్రాణవాయువు లేక. మాస్కుతో, సంచితో ఛాతీ చక్కగా లేస్తున్నప్పుడు గొట్టం కోసం పదేపదే ప్రయత్నించి గొంతు వాచేటట్లు చేయడం నా దృష్టిలో అపరాధం. గొట్టం పొరపాటున అన్నవాహికలోనికి పోయే ప్రమాదమూ ఉన్నది. అది గుర్తించకపోతే పొట్ట ఉబ్బుతుంది, రోగి నీలమవుతాడు. నేడు ప్రతి శ్వాసలో బయటకు వచ్చే బొగ్గుపులుసు వాయువును కొలిచి గీత గీసే యంత్రం ఉన్నది. ఆ గీత రాకపోతే గొట్టం తప్పు చోట ఉన్నదనే భావించి తీసివేయమని చెబుతాను.

ఏ గొంతులో గొట్టం వేయడం కష్టమవుతుందో ముందే తెలుసుకునే ఉపాయం ఒకటి ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది. రోగిని ఎదురుగా కూర్చోబెట్టి, నోరు బాగా తెరచి, నాలుకను పూర్తిగా బయటపెట్టమంటారు. కొండనాలుక, దాని పక్క కమానులు పూర్తిగా కనిపిస్తే సులభం. ఏమీ కనిపించకపోతే ఇబ్బంది కావచ్చు. 1985లో 210 మంది రోగులను పరీక్షించి ఈ పద్ధతిని ప్రకటించిన వైద్యుడు డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు గారు. గుంటూరు ప్రాంతంవారు, గుంటూరు వైద్య కళాశాలలో చదివి, అమెరికాలో బోస్టన్ నగరంలో పనిచేశారు. వారు మొదట మూడు తరగతులే చెప్పారు, నాలుగవది తరువాత ఇద్దరు బ్రిటిషు వైద్యులు చేర్చారు. జపానులోనైనా బ్రెజిలులోనైనా ఆపరేషనుకు ముందు రోగి కాగితం మీద ఈ తెలుగు ఇంటిపేరు రాస్తారు. మా విద్యార్థులు మాత్రం ఆంగ్ల పుస్తకంలో చదివి "మలంపతి" అని పలుకుతారు! ఎవరో ఇటలీ దేశస్థుడనుకున్నానని ఒక అమ్మాయి అన్నది. వాళ్ళ అమ్మమ్మగారి ఊరు తెనాలి పక్కనేనట. ఈ పరీక్ష ఒక్కటే చాలదు, మెడ వంగుతుందా, గడ్డం చిన్నదా, పళ్ళు ఎత్తుగా ఉన్నాయా అనేవి కూడా చూడాలి. అయినా రూపాయి ఖర్చు లేని పరీక్ష అది.

పురుగుమందు తాగినవారి గురించి రెండు మాటలు. పత్తి పండే ప్రాంతాలలో పనిచేసిన ఏ ప్రభుత్వ వైద్యుడైనా ఈ రోగులను వందలలో చూసి ఉంటాడు. ఇంటి దగ్గర ఉప్పు నీళ్ళు, సబ్బు నీళ్ళు, కొన్నిచోట్ల పేడ నీళ్ళు పట్టించి వాంతి చేయిస్తారు. స్పృహ మందగించిన మనిషిలో ఆ వాంతి ఊపిరితిత్తులలోనికే పోతుంది. అది విషం కన్నా ముందు చంపుతుంది. ఏమీ పట్టించకుండా, పక్కకు తిప్పి పడుకోబెట్టి, మందు డబ్బాను కూడా వెంట తీసుకొని ఆసుపత్రికి రండి. మరొక సంగతి: రెండవ రోజు లేచి కూర్చొని ఇడ్లీ తిన్న రోగికి ఒకటి నుండి నాలుగు రోజుల మధ్య ఉన్నట్టుండి శ్వాస ఆగవచ్చు. 1987లో శ్రీలంక వైద్యులు దీనిని వివరించారు. ముందు మెడ కండరాలు బలహీనపడతాయి. అందుకని ప్రతి రౌండులో "దిండు మీద నుండి తల ఎత్తు నాయనా" అని అడగమని మా పిల్లలకు చెబుతాను. ఎత్తలేకపోతే ఇంటికి పంపే మాట మరచి, గొట్టం సిద్ధం చేసుకోవాలి.

ఉబ్బసం సంగతి అందరికీ తెలిసినదే గనుక ఒక్క హెచ్చరిక చాలు. పిల్లికూతలు తగ్గాయంటే జబ్బు తగ్గిందని అర్థం కాకపోవచ్చు. గాలి బొత్తిగా ఆడనప్పుడు కూత కూడా రాదు. పూర్తి వాక్యం మాట్లాడలేక మధ్యమధ్య ఆగేవారు, అంతవరకు ఆయాసపడి ఇప్పుడు మగతగా వాలిపోతున్నవారు అత్యంత ప్రమాదంలో ఉన్నట్లు. ఊపిరాడక గింజుకుంటున్న రోగిని "అల్లరి చేస్తున్నాడు, నిద్రమందు ఇవ్వండి" అని అడగకండి. కరోనా రోజులలో ఇంటింటికీ వచ్చిన వేలి యంత్రం మంచిదే గాని, చలికి చల్లబడిన వేలు, గోళ్ళ రంగు దానిని తప్పుదారి పట్టిస్తాయి. గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని తలుపులు మూసి పడుకొని స్పృహ తప్పినవారిలో అది నూటికి తొంభై తొమ్మిది చూపినా నమ్మరాదు. యంత్రంతో పాటు మనిషిని కూడా చూడాలి.

చివరగా పిల్లల విషయం. పసిపిల్లల శ్వాసనాళం వెడల్పు సుమారు నాలుగు మిల్లీమీటర్లు. చుట్టూ ఒక్క మిల్లీమీటరు వాచినా వెడల్పు రెండుకు దిగి, దారి నాలుగవ వంతుకు తగ్గిపోతుంది. ఇక అందులో ఒక గింజ పడితే చెప్పేదేమున్నది? పిల్లవాడు గట్టిగా దగ్గగలిగితే, ఏడవగలిగితే, దగ్గనివ్వాలి. నోట్లో వేలు పెట్టి కెలకకూడదు. పైన ఉన్న గింజ లోపలికి పోతుంది. దగ్గు శబ్దం ఆగి, ఏడుపు రాక, ముఖం నీలమవుతుంటే క్షణం ఆగకూడదు. ఏడాది లోపు బిడ్డనైతే ముంజేతి మీద బోర్లా, తల కిందుగా ఉండేటట్లు, దవడను పట్టుకొని పడుకోబెట్టి, అరచేతి మడమతో రెండు రెక్కల మధ్య అయిదుసార్లు చరచాలి. తరువాత వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద అయిదుసార్లు నొక్కాలి. అడ్డు బయటపడేవరకు ఇదే వరుస. ఏడాది దాటిన పిల్లలకు, పెద్దలకు ముందుకు వంచి వీపు మీద అయిదు చరుపులు, తరువాత వెనుక నుండి పట్టుకొని బొడ్డుకు పైన పిడికిలి ఉంచి లోపలికి, పైకి అయిదు నొక్కులు. 1974లో హైమ్లిక్ అనే అమెరికా వైద్యుడు ఈ నొక్కే పద్ధతిని ప్రచారంలోనికి తెచ్చాడు. గర్భిణులకు, బాగా లావుగా ఉన్నవారికి పొట్ట బదులు ఛాతీ మీద నొక్కాలి. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. మాడు తట్టడం వలన ఇక్కడ ఏ ప్రయోజనమూ లేదు. సినిమాలలో మాదిరి పెన్నుతో గొంతు పొడవడం దయచేసి ఎవరూ ప్రయత్నించవద్దు; అది శిక్షణ పొందిన చేతులతోనే చేయదగిన పని.

అడ్డు పూర్తిగా మూయనప్పుడు మోసం మరొక రకంగా ఉంటుంది. రెండున్నరేళ్ళ బాబును మూడు వారాల పాటు ఒకచోట నిమోనియా అని, మరొకచోట ఉబ్బసం అని వైద్యం చేయించి మా బోధనాసుపత్రికి తెచ్చారు. కుడివైపు ఛాతీలో గాలి శబ్దం సగమే వినిపించింది. కుడి శ్వాసనాళిక ఎడమదానికన్నా వెడల్పు, నిటారు కనుక జారినవి సాధారణంగా అటే పోతాయి. జబ్బు మొదలుకాకముందు ఏమైనా తింటూ ఉక్కిరిబిక్కిరి అయ్యాడా అని అడిగితే తల్లి లేదన్నది. నాయనమ్మ ఆలోచించి, "సంక్రాంతి నాడు పల్లీలు తింటూ పొలమారి నల్లబడ్డాడండీ, వీపు మీద నాలుగు చరిస్తే సర్దుకుంది" అన్నది. గొంతు వైద్యుడు, నేను ఒకే సన్నని దారిని పంచుకొని పనిచేయవలసిన ఆపరేషను అది. ఆయన దుర్భిణి గొట్టంలో నుండే నేను ఊపిరి అందించాలి, ఆయన వెతకాలి. నలభై నిమిషాలకు పట్టకారు చివర అర పల్లీబద్ద వచ్చింది. పొట్టు కూడా ఊడలేదు. పల్లీలోని నూనె లోపలి పొరను ఒరిపిడి పెట్టి వాచేటట్లు చేస్తుంది, గింజ తడికి ఉబ్బుతుంది, అందువలన ఆలస్యమైనకొద్దీ తీయడం కష్టమవుతుంది. ఆ బాబు మరునాడు సాయంత్రానికి వార్డంతా పరుగెత్తాడు.

అందుచేత నాలుగేళ్ళు నిండేవరకు పిల్లలకు పల్లీలు, వేయించిన సెనగలు గింజలుగా పెట్టకండి; దంచి పొడి చేసి అన్నంలో కలిపి పెట్టండి. సీతాఫలం పెట్టేటప్పుడు గింజలన్నీ మీ వేళ్ళతో తీసివేసి గుజ్జు మాత్రమే తినిపించండి. చింతపిక్కలతో ఆడుకునే అక్కల పక్కన పాకే తమ్ముడిని వదలకండి. ఒకసారి పొలమారి తేరుకున్న పిల్లవానికి ఆ తరువాత దగ్గు వారం దాటి తగ్గకపోతే, డాక్టరు అడగకపోయినా ఆ పొలమారిన సంగతి మీరే ముందు చెప్పండి.